పారిపోయే మృగం, ఆలస్యంగా వచ్చిన గుర్రం

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ కథ ఏమిటి, పటం ఎంత పెద్దది, ఎంత కష్టమైన ఆట అన్న సంగతులు ఇక్కడ మళ్లీ చెప్పను. అవి ఈపాటికి అందరికీ తెలిసినవే. ఆటను రెండుసార్లు మొదటి నుంచి చివరిదాకా ఆడాక నా మనసులో మిగిలింది ఒకే ఒక్క విషయం. చివరి శత్రువు ఎల్డెన్ బీస్ట్, దానితో పోరుకు మొదట మనకు ఇవ్వని గుర్రం. నా కోపమూ సంతోషమూ రెండూ అక్కడే ఉన్నాయి.

మాది విడవలూరు మండలం, రొయ్యల సాగు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గేది తెల్లవారుజామునే కాబట్టి రాత్రి రెండు దాటితే గుంటల మీద కన్ను ఉంచాల్సిందే. తమ్ముడు కాపలాకు వెళ్లిన రాత్రులే నావి. 2022 దీపావళి రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో డిస్క్ కొని, పాత ప్లేస్టేషన్ 4 మీద మొదలుపెట్టాను. తెలియనివారికి ఒక్క మాట చెప్పాలి: ఈ ఆటను పోరు మధ్యలో ఆపడానికి మీట లేదు. మెనూ తెరిచినా శత్రువు కొడుతూనే ఉంటాడు. అన్నానికి పిలిచినా, ఫోను మోగినా, ఆ ప్రయత్నం పోయినట్టే.

అప్పట్లో తమ్ముడితో ఒక మాట అనేవాణ్ని. ఇంత న్యాయమైన ఆట నేను చూడలేదు, ఇందులో చచ్చిన ప్రతిసారీ తప్పు మనదే అని. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్ ప్రాంతంలో బంగారు కవచం వేసుకుని గుర్రం మీద తిరిగే ట్రీ సెంటినెల్ దగ్గర అది నిజం. తన దెబ్బ మనకు తగిలితే చాలు నెత్తురు తిరిగి పోసుకునే మలేనియా అనే శత్రువు దగ్గర కూడా, ఎన్ని రోజులు పట్టినా, నిజమే అనిపించింది. ఆమె మన మీదికి వస్తుంది. వచ్చేవాళ్లతో పోరాడవచ్చు.

ఎల్డెన్ బీస్ట్ రాదు. పోతుంది.

ఆ చోటు ఎంత అందంగా ఉంటుందో ముందు చెప్పాలి. చీలమండ లోతు నీళ్లు, మీద నక్షత్రాలు, ఆ నీళ్లలో వాటి నీడలు. ఆ మృగం ఒళ్లు గాజులాగా పారదర్శకంగా ఉంటుంది, లోపల బంగారు చుక్కలు మెరుస్తూ కదులుతాయి. మొదటిసారి చూసినప్పుడు కొట్టడం మరచి నిలబడిపోయాను. కానీ దాని పక్కకు చేరి కత్తి రెండుసార్లు విసిరేసరికి నీళ్లలో ఈదుకుంటూ అల్లంత దూరాన తేలుతుంది. అక్కడి నుంచి మంత్రాలు వదులుతుంది. వాటిలో ఒకటి బంగారు గోళం. అది మెల్లగా మన వెంటపడుతూ సన్నటి చుక్కలను గుచ్చుతూనే ఉంటుంది. పక్కకు పరుగెత్తుతూ వాటిని తప్పించుకోవాలి, ఆ పరుగులోనే మృగం దగ్గరికీ చేరాలి. చేరేసరికి ఒంట్లో ఓపిక అయిపోతుంది, ఒక్క దెబ్బ వేస్తాం, అది మళ్లీ వెళ్లిపోతుంది. గుంట ఎండగట్టేటప్పుడు బురదలో మలుగుపామును ఒట్టి చేత్తో పట్టబోయిన వాళ్లకు నా బాధ అర్థమవుతుంది. దొరికిందనుకున్నది వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది.

పైగా ప్రతిసారీ ముందు రాడగాన్‌ను ఓడించాలి. సుత్తి పట్టుకున్న ఆ ఎర్రజుట్టు దేవుడు పడిపోయాక, మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి లేకుండా మృగం మొదలవుతుంది. బలం తిరిగి రావడానికి తాగే మందులో మిగిలినదానితోనే దాన్నీ ఎదుర్కోవాలి. రాడగాన్‌తో పోరు నాకు చాలా ఇష్టం. కానీ పరుగు పందెంలో ఓడిన ప్రతిసారీ దాన్ని మళ్లీ మొదటి నుంచి గెలవాల్సి రావడంతో ఆ ఇష్టం కూడా అరిగిపోయింది.

మేత లెక్కలు రాసుకునే పుస్తకం వెనక పేజీలో ప్రతి ప్రయత్నానికీ ఒక గీత గీసేవాణ్ని. ఇరవై గీతలు దాటాక నా తప్పు ఒకటి తెలిసింది. ట్రీ సెంటినెల్‌ను ఓడించి తెచ్చుకున్న గోల్డెన్ హాల్‌బర్డ్‌నే అప్పటిదాకా వాడుతున్నాను. దాని దెబ్బలో హోలీ డ్యామేజ్, అంటే దైవశక్తి దెబ్బ, కలిసి ఉంటుంది. ఆ మృగం అన్నిటికన్నా బాగా తట్టుకునేది దాన్నే. క్లేమోర్ అనే సాదా పెద్దకత్తిని తీసుకుని, ఆటలో మన మకామైన రౌండ్‌టేబుల్ హోల్డ్ మంటల్లో కాలిపోతున్నా లేవకుండా సుత్తి కొడుతూ కూర్చున్న కమ్మరి హ్యూగ్ దగ్గర చివరిదాకా పదును పెట్టించాను. దెబ్బ బాగానే దిగింది. దూరం మాత్రం తగ్గలేదు.

నలభై మూడో గీత 2023 ఏప్రిల్‌లో గీశాను. దాని పక్కన వేరే ఏమీ రాసుకోలేదు, అయినా ఆ రాత్రి మొత్తం గుర్తుంది. మృగం బలం చూపించే ఎర్రగీత వేలి గోరంత మిగిలింది. అది నాకు దగ్గరలోనే తేలింది. రెండు దెబ్బలు చాలు. కత్తి ఎత్తాను, కరెంటు పోయింది. టీవీ నల్లబడిన క్షణంలోనే ఫోను మోగింది, గుంటల దగ్గరి నుంచి తమ్ముడు. “అన్నా, జనరేటర్ అందుకోవడం లేదు, త్వరగా రా” అన్నాడు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ చక్రాలు ఆగితే రొయ్యలు గట్టు వారకు చేరతాయి, తల పైకెత్తి గాలికి కొట్టుకుంటాయి. అక్కడికి వెళ్లేసరికి అదే జరుగుతోంది. టార్చి వెలుతురులో నీటి అంచు పొడవునా వాటి కళ్లు ఎర్రటి చుక్కల్లా మెరుస్తున్నాయి. డీజిల్ గొట్టంలో గాలి పట్టేసింది. అది తీసి, జనరేటర్ ఎక్కించి, చక్రాలు తిరిగి నురగ లేచేదాకా మృగం సంగతే గుర్తు రాలేదు. ఇంటికొచ్చి ఆట పెడితే నా మనిషి రాడగాన్ గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. ఎదురుగా మళ్లీ అదే పొగమంచు తెర.

మే నెలలో, యాభై ఎనిమిదో ప్రయత్నంలో, కాలినడకనే గెలిచాను. సంతోషం కలగలేదు. ఏడాదంతా సాగుచేసిన గుంటలో పట్టుబడి అయ్యాక పైసా మిగలకపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది. బయటి మైదానాలంతా టోరెంట్ అనే గుర్రం మీద తిప్పి, రెండంతల గంతు నేర్పి, చివరికి అన్నిటికన్నా విశాలమైన మైదానంలో, అన్నిటికన్నా వేగంగా పారిపోయే శత్రువు ముందు దాన్ని లాక్కోవడం కష్టం పెట్టడం కాదు, తప్పు చేయడం. ఆ మాట ఈ రోజుకూ వెనక్కి తీసుకోను.

సరిగ్గా ఆ తప్పే దిద్దారు. ఈ సంగతి నాకు తెలిసిన తీరు చెప్పాలి. షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం 2024 జూన్ 21న విడుదలైంది. దానితోపాటు పాత ఆటకూ ఒక అప్‌డేట్ వచ్చింది. రాత్రి దానంతట అదే దిగిపోయింది, అందులో ఏముందో నేను చదవలేదు. జూలైలో రొట్టెల పండుగకు అక్క వాళ్లు వచ్చారు. స్వర్ణాల చెరువులో రొట్టె పట్టుకుని ఇంటికొచ్చాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. మా మేనల్లుడికి పదకొండేళ్లు. వాడికి పోరాటాల మీద ఆశ లేదు, గుర్రం ఎక్కి తిరగడమే కావాలి. అప్పటికి నా రెండో ఆట చివరికొచ్చింది. రాడగాన్‌ను నేను పడగొట్టి, నీళ్లు తాగడానికి లేస్తూ కంట్రోలర్ వాడి చేతికిచ్చాను, ఎలాగూ చచ్చేదే కదా అని.

“మామా, గుర్రాన్ని పిలుస్తున్నా” అన్నాడు.

“అక్కడ కుదరదురా నాన్నా, పరుగెత్తు” అన్నాను.

ఈల వినిపించింది. వెనక్కి తిరిగి చూస్తే నక్షత్రాల నీళ్ల మీద టోరెంట్ నిలబడి ఉంది. వాడు దాని మీద ఉన్నాడు. గిట్టల కింద నీళ్లు చిమ్ముతున్నాయి. చేతిలో గ్లాసుతో అలాగే నిలబడిపోయాను. వాడికి అందులో వింతేమీ కనిపించలేదు, హాయిగా చుట్లు తిరిగాడు. బంగారు గోళం వెంటపడితే నవ్వుతూ దాటిపోయాడు. మృగం దూరంగా తేలితే దాని దగ్గరికి దౌడు తీయించాడు. నేను ఓపిక పోగేసుకుంటూ, పొర్లుతూ దాటిన ఆ దూరాన్ని వాడు రెండు మూడు సెకన్లలో దాటాడు. నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. కాసేపటికి కింద పడి చచ్చాడు. ఆ తర్వాత మూడు ప్రయత్నాల్లో నేను గెలిచాను. అప్పుడు అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

గుర్రం ఉంటే ఇక అంతా సులువేనని మాత్రం అనుకోవద్దు. ఆ రోజు ఆనందంలో నేనూ అలాగే అనుకున్నాను. తర్వాత పాత సేవ్‌ల మీద మళ్లీ ఆడి చూస్తే లోపాలు కనిపించాయి. టోరెంట్ ఒళ్లు సున్నితం. మృగం ఊపిరిగా వదిలే బంగారు జ్వాల తగిలితే చచ్చిపోతుంది, మనం నీళ్లలో పడి, లేచేలోపు ఇంకో దెబ్బ తింటాం. దాన్ని మళ్లీ పిలవాలంటే ఒక మోతాదు మందు ఖర్చవుతుంది. మృగం తూలి తల వాల్చినప్పుడు పొడిచే పెద్ద పోటు గుర్రం మీద నుంచి కుదరదు, దిగాలి. దిగి దగ్గరికి వెళ్లేసరికి ఆ అవకాశం ఒక్కోసారి చేజారిపోతుంది. నాకు పనిచేసిన పద్ధతి ఒకటే. దూరం దాటడానికి మాత్రమే గుర్రం, కొట్టడానికి కాళ్ల మీదే. ఈల నొక్కే మీట దగ్గర వేలు అలవాటు పడాలి, అంతే.

ఇప్పుడు కొనవచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది నా బతుకును బట్టి ఉంటుంది. రాత్రి మధ్యలో లేచి పరుగెత్తాల్సిన పని లేనివాళ్లు, ఒక గంట తలుపు వేసుకుని కూర్చోగలవాళ్లు, తప్పక ఆడండి. చివరి పోరు మీద నేను 2023లో పెట్టుకున్న కోపం మీకు అక్కరలేదు. నాలాగా గుంటల మీదో, షిఫ్టుల్లోనో ఉండేవాళ్లయితే ఆ రాడగాన్, మృగం రెండూ ఒకేసారి ముగించే తీరిక దొరికిన రాత్రికే ఆ గుమ్మం దాటండి. మేము ఇన్వర్టర్ పెట్టించాక ఒక్క పోరూ కరెంటుకు పోలేదు. ఆపే మీట లేకపోవడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. దాన్ని ఏ అప్‌డేటూ దిద్దలేదు.

మూడో ఆట మొదలుపెట్టాను. రాడగాన్ గుమ్మం దాకా వచ్చి ఆగాను. మేనల్లుడు దసరా సెలవులకు వస్తానన్నాడు, ఈల వాడే వేయాలట.