రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650కి స్లిప్-ఆన్ సైలెన్సర్లు: ట్యూనింగ్ అక్కరపడ్డదా?

ముందే చెప్పేస్తా. ఒట్టి సైలెన్సర్లు మార్చి, ఇంజిన్ దగ్గరి బెండ్ పైపులు, ఎయిర్ ఫిల్టర్ బాక్సు కంపెనీవే ఉంచుకుంటే (దీన్నే స్లిప్-ఆన్ అంటరు) ఫ్యూయెల్ ట్యూనింగ్‌కు, అంటే ఇంజిన్‌కు పోసే పెట్రోల్ లెక్క మార్చుడుకు, పైసలు పెట్టే పని లేదు. నాది బీఎస్6 బండి, ఈ స్లిప్-ఆన్‌లతోనే ముప్పై వేల కిలోమీటర్లు దాటింది. ఆ తర్వాత ట్యూనింగ్ బాక్సు కూడా పెట్టించిన, ఇప్పటికీ తియ్యలేదు. ఈ రెండు మాటలకు పొసగదనిపిస్తది గానీ, బాక్సు పెట్టించింది సైలెన్సర్ కోసం కాదు.

హన్మకొండలో ఏ గ్యారేజీకి పోయినా వినిపించేది ఒకటే: "అన్నా, సైలెన్సర్ మార్చినవ్, ఇగ ట్యూనింగ్ చేపియ్యాలె. లేకుంటే లీన్ అయి పిస్టన్ పోతది." లీన్ అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువపడుడు. ఈ భయం కార్బురేటర్ బుల్లెట్ల కాలం నాటిది. అప్పటికి అది నిజమే. పాత క్లాసిక్ 350 కార్బురేటర్‌లో మిశ్రమం తేడా వస్తే పట్టుకునే సెన్సర్ ఏదీ లేదు. అందుకే ఫ్రీ-ఫ్లో సైలెన్సర్ పెడితే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, నీడిల్ క్లిప్ ఒక గాడి దించి, స్క్రూ అటూఇటూ తిప్పి సరిచేసేటోళ్ళు. చేత్తో చేసే పని అది, పది నిమిషాలల్ల అయ్యేది.

650 కథ వేరు. రెండు బెండ్ పైపులకూ ఆక్సిజన్ సెన్సర్లున్నయి. రేసు ఒకే తీరుగ పట్టుకుని పోతున్నంతసేపు బాష్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ సెన్సర్ల మాట విని, గాలి 14.7 పాళ్ళు, పెట్రోల్ ఒక పాలు ఉండేటట్టు ఇంజెక్టర్లను సర్దుకుంటనే ఉంటది. పూర్తిగా రేసు ఇచ్చినప్పుడు మాత్రం సెన్సర్‌ను పక్కకు పెట్టి, తనలో ముందే రాసి ఉన్న లెక్క ప్రకారం పోస్తది. ఆ లెక్క ఎట్లాగూ జర చిక్కగనే, అంటే పెట్రోల్ ఎక్కువగనే, ఉంటది. పైగా పొగ పోయే దారిలో అసలు ఇరుకు పొగలోని విషాలను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గర. అది ఉండేది బెండ్ పైపులల్ల. వెనుక తోక లాంటి సైలెన్సర్ మార్చినంత మాత్రాన ఆ ఇరుకు పోదు.

మరి సైలెన్సర్ మార్చినంక వెనుక వచ్చే పేలుళ్ళ సంగతేంది అని అడుగుతరు. నాకూ వచ్చినయి. సైలెన్సర్లు పెట్టిన కొత్తల ములుగు రోడ్డు మీద, గూడెప్పాడ్ దాటినంక, స్పీడు మీద రేసు వదిలితే వెనుక పటపటమని ఒకటే మోత. చూసినోళ్ళంతా "లీన్ అయింది, బాక్సు పెట్టియ్యి" అన్నరు. వరంగల్ ఆటోనగర్‌లో ఒక పెద్దమనిషి మెకానిక్ మాత్రం "బాక్సు ఎప్పుడన్నా కొనొచ్చు సారూ, ముందుగాల గాలి ఏడికెళ్ళి గుంజుతున్నదో చూద్దాం" అన్నడు. ఇంజిన్ చల్లగున్నప్పుడే స్టార్ట్ చేసి, పిల్లగాణ్ణి పిలిచి సైలెన్సర్ల మూతుల మీద తడిగుడ్డ సగం అడ్డం పట్టుమన్నడు. పాత స్ప్రే సీసాలో షాంపూ నీళ్ళు కలిపి రెండు క్లాంపుల మీద కొట్టిండు. కుడి దిక్కు ఏం లేదు. ఎడమ దిక్కు క్లాంపు కింద సన్న బుడగలు లేస్తనే ఉన్నయి. వంగి చూస్తే పైపు అడుగున చిటికెన వేలంత పొడుగు నల్లటి మసి గీత. ఇంజిన్ వేడెక్కినంక చేస్తే నీళ్ళు క్షణంలో ఆవిరైపోయి ఏమీ దొరకదన్నడు.

పైపు కొసను ఎమరీ కాగితంతో రుద్ది, కొత్త ప్యాకింగ్ వేసి, క్లాంపు బిగించిండు. పేలుళ్ళు ముప్పావు వంతు పోయినయి. కారణం సాదా సీదా: రేసు పూర్తిగా వదిలితే ఈసీయూ పెట్రోల్ ఆపేస్తది. పైపులో పొగ అలలు అలలుగా పోతుంటే మధ్యల లీకు గుండా బయటి గాలి లోపలికి వస్తది. మిగిలిన కొద్దిపాటి పెట్రోల్ ఆవిరి వేడి పైపులో ఆ గాలితో కలిసి అంటుకుంటది. దానికి మ్యాప్ (ఈసీయూలో రాసిన పెట్రోల్ లెక్క) మార్చినా, ఇంకేం మార్చినా లీకు లీకే. మిగిలిన పావు వంతు చప్పుడు ఫ్రీ-ఫ్లో సైలెన్సర్‌కు సహజం, దాంతో ఇంజిన్‌కు ఏం కాదు. ఇంజిన్ హెడ్‌కు పైపు కలిసే దగ్గరి ప్యాకింగ్ లీకైతే మాత్రం ఇంకో తిరకాసు ఉన్నది. అది సెన్సర్ కంటే ముందుంటది కాబట్టి, బయటి గాలి చూసి సెన్సర్ "లీన్" అని తప్పు చెప్తది. ఈసీయూ నమ్మి పెట్రోల్ ఎక్కువ పోస్తది. మైలేజీ పడిపోతది.

అనుమానం ఉంచుకోవద్దని హైదరాబాద్‌లో డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కూడా ఎక్కించిన. అప్పటికి బాక్సు లేదు. పూర్తి రేసులో మిశ్రమం పెట్రోల్ ఒక పాలుకు గాలి 13 పాళ్ళ చుట్టూ తిరిగింది. అంటే భయపడేది ఏమీ లేదు. పవర్ విషయానికొస్తే, కంపెనీ చెప్పే 47 హార్స్‌పవర్ ఇంజిన్ దగ్గరి లెక్క. చక్రం దగ్గర నాకు నలభై దాటి చూపించింది. స్లిప్-ఆన్‌లతో ఐదారు హార్స్‌పవర్ పెరుగుతదని అమ్మేటోళ్ళు చెప్పేది నమ్మకండి. పెరిగేది చప్పుడు, తగ్గేది బరువు.

నన్నడిగితే సైలెన్సర్ కంటే పెట్రోల్ బంకులో వచ్చిన మార్పే పెద్దది. ఇప్పుడు దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే కలిసి ఉంటది కాబట్టి 14.7 అనే లెక్క ఈ20కి సుమారు 13.5కి దిగుతది. అదే గాలికి బరువు లెక్కన ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ పెట్రోల్ కావాలె. సెన్సర్ ఉన్న బండి అంత తేడాను కూడా రోజూ సర్దుకుంటనే ఉన్నది. సైలెన్సర్ తోక తేడా దాని ముందు ఎంత?

ఇగ బాక్సు ముచ్చట. మార్కెట్‌లో ఎక్కువ వినపడేవి బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ళ పవర్‌ట్రానిక్, ఫ్యూయెల్‌ఎక్స్. మొదటిది ఇగ్నిషన్ టైమింగ్ కూడా మారుస్తది, రెండోది పెట్రోల్ మాత్రమే. నేను పెట్టించింది రెండోది. కాజీపేట బ్రిడ్జి మీద సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు, మూడు వేల ఆర్పీఎం మధ్య బండి గుంజి గుంజి నడిచేది. కంపెనీ సైలెన్సర్లున్నప్పుడూ అట్లనే నడిచేది, పొల్యూషన్ నిబంధనల కోసం ఆ దగ్గర మిశ్రమం పల్చగ ఉంచుతరు కాబట్టి. బాక్సు ఆ పలుచదనాన్ని తీసింది. సెకండ్ గేర్‌లో నెమ్మదిగ పోవుడు మస్తు సాఫీ అయింది. పస్రా నుంచి తాడ్వాయి దాకా అడవిలో వంపుల దగ్గర రేసు వదిలి పట్టుకుంటే మునుపటి కుదుపు లేదు. బదులుగా లీటరుకు రెండు కిలోమీటర్ల మైలేజీ పోయింది. మే నెల ఎండలో కాళ్ళకు వేడి తగ్గినట్టనిపించింది గానీ కొలిచి చూడలేదు. ఉన్నవాటిలో తక్కువ పోసే మ్యాపే పెట్టుకున్న, అంతకంటే పైకి పోతే వాసన తప్ప లాభం కనపడలేదు.

ఆన్‌లైన్‌లో ఐదారు వందలకు దొరికే రెసిస్టర్ ముక్కలు మాత్రం కొనకండి. గాలి చల్లగున్నదని ఈసీయూను మోసం చేసి పెట్రోల్ ఎక్కువ పోయిస్తయి. మరుక్షణం ఆక్సిజన్ సెన్సర్ దాన్ని వెనక్కి తీసేస్తది.

చప్పుడు గురించి ఒక్క మాట: డీబీ కిల్లర్ (సైలెన్సర్ మూతిలో చప్పుడు తగ్గించే ముక్క) తియ్యకుండనే నడుపుతున్న. తీస్తే కింది ఆర్పీఎంలో లాగుడు తగ్గుతది, ఎంజీఎం దవాఖాన ముంగట పోవుడు సిగ్గనిపిస్తది. చప్పుడు హద్దు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నయి.

ట్యూనింగ్ నిజంగ కావాల్సింది మా బావమరిది లాంటోళ్ళకు. కరీంనగర్‌లో ఉంటడు, అదే 650. కన్వర్టర్ లేని హెడర్లు (బెండ్ పైపులు) వేయించిండు, ఫిల్టర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టర్లు పెట్టిండు. గాలి వచ్చే దారి, పోయే దారి రెండూ మారినయి. మూడు వేల దగ్గర బండి ఊపిరాడనట్టు ఆగేది, పూర్తి రేసులో ఇంజిన్ టకటకమనేది. అంత తేడా కంపెనీ లెక్కకు అందదు. డైనో మీద మ్యాప్ రాయించినంక నడక బాగుపడ్డది. కన్వర్టర్ లేని బండిని పొల్యూషన్ పరీక్షలో మాత్రం మ్యాప్ గట్టెక్కిస్తదన్న భరోసా లేదు. పాత హెడర్లు ఎవరో మంచి ధరకు అడుగుతున్నరని ఫోన్ చేసిండు. అమ్మకు, గుడ్డ చుట్టి అటక మీద పెట్టు అన్న.