గెడ్డ మీద కాజ్‌వేనా, వంతెనా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక వంశధారకీ వరదొచ్చింది. శ్రీకాకుళం వైపు గెడ్డ (వాగు) పొంగి రోడ్డు తెగినప్పుడల్లా అందరూ అడిగేది ఒకటే: కాజ్‌వే తీసేసి వంతెన కట్టండి.

కాజ్‌వే అంటే గెడ్డకి అడ్డంగా, తూముల మీద తక్కువ ఎత్తులో వేసిన కాంక్రీటు రోడ్డు. అది చవక. వరద దాని మీంచే పోతుంది, కాసేపు రాకపోకలు ఆగుతాయి. తంటా అంతా తూములతోనే. కొమ్మలు, గుర్రపుడెక్క అడ్డుపడితే నీరు పక్కకి తిరిగి రెండు చివర్లా మట్టిని కోసేస్తుంది. మధ్యలో కాంక్రీటు చెక్కుచెదరదు, గట్టుకి కలిసే చోట మాత్రం గొయ్యి! వానలకి ముందే తూములు తీయించి, చివర్లకి రాతికట్టు వేస్తే సగం గొడవ తీరుతుంది.

వంతెనైతే బస్సు ఆగదు. కానీ దాని జబ్బు కంటికి కనపడదు. స్తంభం చుట్టూ నీరు సుడి తిరిగి అడుగున ఇసుక లేచిపోతుంది. వరద తీశాక ఆ గోతిలో మళ్ళీ వదులు ఇసుక నిండి, ఏమీ జరగనట్టే ఉంటుంది. దగ్గర్లోనే ట్రాక్టర్లతో ఇసుక తవ్వుతుంటే ఇక చెప్పాలా? పైన రెయిలింగుకి రంగులేయడం మాత్రం మనవాళ్ళు మరిచిపోరు.

ఆసుపత్రికి ఉన్న ఒక్క దారైతే వంతెనే కావాలి, పెద్ద వరద వెళ్ళిన ప్రతిసారీ పునాది చుట్టూ లోతు కొలిచే మనిషితో సహా. పొలాలకి పోయే దారికి కాజ్‌వే చాలు; నీటిమట్టం గుర్తులున్న రాళ్ళు రెండు పక్కలా పాతి, పొంగినప్పుడు గొలుసు అడ్డం కట్టాలి.