14416: ఫోన్‌లో మనసు పరీక్ష ఎంతవరకు నమ్మొచ్చు?

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల పల్లెల్లోని తెలుగువాళ్ళకు మానసిక వైద్యుడు చేతికందే దూరంలో ఉండడు. మహారాష్ట్రలోని సిరొంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికే సుమారు 200 కిలోమీటర్లు. అందుకే 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్, అంటే 14416 నంబరుకు ఫోన్ చేస్తే మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ, ఇక్కడివాళ్ళకు అక్కరకొస్తుంది. 24 గంటలూ ఉచితం. కాల్ కలవగానే తెలుగు ఎంచుకోండి. ఒడియా, మరాఠీ బజారులో ఎంత బాగా వచ్చినా దిగులు చెప్పుకోవడానికి చాలవు. ముందు మాట్లాడేది కౌన్సెలర్; అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు.

ఫోన్ పరీక్షను ఎంత నమ్మొచ్చో మార్కులేస్తే, దిగులు, ఆందోళనల విషయంలో ఐదుకు నాలుగు ఇవ్వొచ్చు. దిగులు కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 జవాబులతోనే నడుస్తుంది కాబట్టి, ఎదురుగా అడిగినా ఫోన్‌లో అడిగినా స్కోరు పెద్దగా మారదు. తేడా వచ్చేది జవాబు పట్టే దగ్గర. "అప్పుడప్పుడు" అనగానే ఆ ప్రశ్నకు 1 మార్కు వేయకూడదు. గత 14 రోజుల్లో ఎన్ని రోజులని అడగాలి. ఏడు దాటితే 2, దాదాపు రోజూ అయితే 3. మొత్తం 27కి 10, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిందే. నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నల్లో మార్కులు రక్తహీనత, సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు వల్ల కూడా పెరుగుతాయి. ఆ జబ్బులుంటే ముందే చెప్పండి.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. పక్కన అత్తగారుండి, స్పీకర్ ఆన్‌లో ఉంటే "లేదు" అనే వస్తుంది! స్పీకర్ ఆపి పెరట్లోకి వెళ్ళాలి. అదీ కుదరకపోతే అవును, కాదు అంటే సరిపోయేలా అడగమనాలి. సిగ్నల్ పోతుంది కాబట్టి రెండో నంబరు, ఊరు, బ్లాకు లేదా తాలూకా పేరు మొదట్లోనే ఇవ్వండి.

భ్రమలు, అనుమానాలున్నవాళ్ళ విషయంలో రెండుకు మించి ఇవ్వలేం. చూపు, ఒంటి శుభ్రత, చేతుల వణుకు ఫోన్‌కు తెలియవు. జవాబు ఆలస్యమైతే అది జబ్బో నెట్‌వర్కో తేలదు. ఇంట్లోవాళ్ళు కూడా విడిగా మాట్లాడి, కళ్ళతో చూసింది చెప్పాలి.

తాగుడు మానిన రెండు మూడు రోజుల్లో వణుకు, తికమక, లేనివి కనబడటం మొదలైతే 14416 కాదు, 108. ముసలివాళ్ళకు ఉన్నట్టుండి మతి తప్పినా అంతే. లిథియం అనే మానసిక మందు వాడేవాళ్ళకు వాంతులు, తూలడం వస్తే రక్తపరీక్ష తప్పదు, ఆసుపత్రికే వెళ్ళాలి.

మందుల చీటీ వెంటనే వస్తుందనుకోకండి. 2020 టెలిమెడిసిన్ (దూరం నుంచి చేసే వైద్యం) నిబంధనల ప్రకారం కొత్త రోగికి చాలా మానసిక మందులు రాయాలంటే వీడియోలోనైనా చూడాలి.