పదో తరగతి ఇంగ్లిష్ గైడు: ఇద్దరు పిల్లలు, మూడేళ్ల వాడకం

2022 జూన్‌లో పెద్దవాడు పదో తరగతిలోకి వచ్చినప్పుడు అనంతపురం సుభాష్ రోడ్డులో ఒక పుస్తకాల అంగట్లో ఇంగ్లిష్ గైడు కొన్నాను. రెండేళ్ల తర్వాత చిన్నదాని కోసం అదే ప్రచురణకర్తల గైడు మళ్లీ కొనవలసి వచ్చింది. ఆ మధ్యలో పాఠ్యపుస్తకమే మారిపోయింది. 2024-25 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లిష్ పాఠాలు వచ్చాయి. ఇప్పుడు ఇద్దరి పరీక్షలూ అయిపోయాయి. రెండు గైడులూ నా కుట్టుమిషను పక్కన బల్ల మీద ఉన్నాయి. మొదటిది అట్ట ఊడిపోయి, నడుము దగ్గర రెండుగా చీలిపోయింది. రెండోది ఇంచుమించు కొన్నప్పటిలాగే ఉంది.

నా సంగతి ముందే చెబుతాను. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో తెలుగు మాధ్యమంలో చదివాను. పదిలో ఇంగ్లిష్‌లో నాకు 38 మార్కులు వచ్చాయి. 35 వస్తే పాసు కాబట్టి, ఆ పైన వచ్చిన మూడు మార్కులను మా ఇంట్లో చాలాకాలం గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు అనంతపురం పాతూరులో ఇంటి ముందుగదిలో జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను. ట్యూషన్‌కు పంపే స్తోమత ఒక్క సబ్జెక్టుకే ఉంది, అది లెక్కలకు పోయింది. ఇంగ్లిష్ నా నెత్తిన పడింది. గైడు పిల్లల కోసమని అందరికీ చెప్పాను గానీ, ముందుగా కూర్చుని చదివింది నేనే.

మిగతా సబ్జెక్టులకు ఇంత అవసరం లేదు. సైన్సు, సాంఘికం పుస్తకాల్లో ఒక పక్క ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు వేసి ఇస్తున్నారు. ఇంగ్లిష్ పాఠానికి మాత్రం ఎదుటి పేజీ ఉండదు కదా. ఆ ఎదుటి పేజీని మూడు వందల రూపాయలకు పైగా పెట్టి కొనుక్కోవడమే గైడు. పాఠానికి తెలుగు సారాంశం, ప్రతి పేరాకూ అనువాదం, కష్టమైన మాటలకు తెలుగు లిపిలో ఉచ్చారణ, అర్థం, పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు, వెనక వ్యాకరణం, ఉత్తరాలు, డైరీలు, నమూనా ప్రశ్నపత్రాలు. పాఠ్యపుస్తకానికి మూడింతల లావు. కాగితం పలచన, వెనక పేజీ అక్షరాలు ముందు పేజీలోకి కనిపిస్తాయి. రాత్రి కరెంటు దీపం కింద చదివితే కళ్లు లాగేస్తాయి.

మంచి ముందు చెప్పాలి, ఎందుకంటే ఉంది. తెలుగు లిపిలో ఉచ్చారణ వేయడాన్ని చాలామంది ఉపాధ్యాయులు ఇష్టపడరు. వైన్ అంటే ద్రాక్షతీగో సారాయో తెలుగు అక్షరాల్లో తెలియదన్నది నిజమే. కానీ దానివల్ల మాకు ఒక చిట్కా దొరికింది. మాట ముందు ఎ (a) పెట్టాలా, ఆన్ (an) పెట్టాలా అన్నది ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తేల్చుకోబోతే పిల్లలు తప్పుతారు. తెలుగులో రాసి చూస్తే చాలు. యూనివర్సిటీ 'య'తో మొదలైంది, అది హల్లు, కాబట్టి ఎ. గంట అనే అర్థంలో అవర్ 'అ'తో మొదలైంది, అచ్చు, కాబట్టి ఆన్. వన్‌కు ఎ, ఎమ్మెల్యేకు ఆన్. ఈ సంగతి గైడులో ఎక్కడా లేదు. గైడు చూస్తూ చూస్తూ చిన్నదే కనిపెట్టింది. ఆ రకం ప్రశ్నలో ఆ తర్వాత అది ఒక్క మార్కు కూడా పోగొట్టుకోలేదు.

ఉత్తరాల నమూనాలు కూడా బాగున్నాయి. వీధి కుక్కల బెడద గురించి మున్సిపల్ కమిషనర్‌కు రాసిన ఉత్తరాన్ని పెద్దవాడు తేదీ నుంచి సంతకం దాకా బట్టీపట్టాడు. ఆ ఒక్క ఉత్తరంతో ఏడాదంతా నెట్టుకొచ్చాడు. కుక్కలు తీసేసి మురికికాలువ, మురికికాలువ తీసేసి మంచినీళ్లు. ఒకే కొలతకు కత్తిరించిన జాకెట్టుకు హుక్కులు మార్చినట్టు. దాన్ని నేను తప్పుపట్టను. నా గిరాకీలో సగం అలాంటి పనే.

ఇక చెడ్డది. చిన్నదాని పుస్తకంలో మొదటి పాఠం ఒక మెక్సికో రచయిత కథ, 'ఎ లెటర్ టు గాడ్'. లెంచో అనే రైతు. చేను పండింది, ఒక్క వాన పడితే చాలు. వాన వచ్చింది. పడుతున్నవి చినుకులు కావు, కొత్త నాణేలు అంటాడు. పెద్ద చినుకులు పది సెంట్లవి, చిన్నవి ఐదు సెంట్లవి. ఆ వెంటనే వడగళ్లు పడి చేనంతా నాశనం. మళ్లీ విత్తుకోవడానికీ, పంట చేతికొచ్చేదాకా బతకడానికీ వంద పెసోలు పంపమని దేవుడికి ఉత్తరం రాసి పోస్టు చేస్తాడు. పోస్టాఫీసు పెద్ద ఆ నమ్మకం చూసి చలించి, తన జీతంలో కొంత ఇచ్చి, తోటి ఉద్యోగుల దగ్గర కొంత పోగుచేసి, డెబ్బై పెసోలు కవరులో పెట్టి ఇప్పిస్తాడు. లెంచో లెక్కపెట్టుకుంటాడు. దేవుడు లెక్క తప్పడు కదా. అక్కడే కూర్చుని ఇంకో ఉత్తరం రాస్తాడు: మిగతాది పంపు, కానీ పోస్టులో పంపకు, పోస్టాఫీసు వాళ్లు 'బంచ్ ఆఫ్ క్రుక్స్'.

కథ మొత్తం ఈ చివరి మాట మీద నిలబడింది. సాయం చేసినవాళ్లనే దొంగల ముఠా అన్నాడు పాపం. మా గైడులో ఆ మాటకు ఇచ్చిన తెలుగు ఏమిటో తెలుసా? 'వంకర కర్రల గుత్తి.' నేను రెండుసార్లు చదివాను. గుత్తి మా జిల్లాలోనే ఉంది గానీ ఆ కర్రలు ఎక్కడివో తెలియలేదు. బంచ్ అంటే గుత్తి, క్రుక్ అంటే గొర్రెలకాపరి చేతిలోని వంకర కర్ర. మాటకు మాట పెట్టి చేతులు దులుపుకున్నారు. చిన్నది దాన్ని నోట్సులోకి ఎక్కించేసింది కూడా. "పోస్టాఫీసు వాళ్లు కర్రలేమిటి?" అని నేను అడిగితే, "మెక్సికోలో అలా అంటారేమో అమ్మా" అంది. గైడులో ఉందంటే పిల్లలు దేనినైనా నమ్ముతారు. లెంచోకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం.

ఆ రాత్రి గైడు మూసి, బడిలో పుస్తకాలతోపాటు ఇచ్చిన ఇంగ్లిష్-ఇంగ్లిష్-తెలుగు నిఘంటువు తీశాం. అప్పటిదాకా అది బియ్యం డబ్బా మీద బరువుగా ఉండేది. క్రుక్‌కు అందులో మొదటి అర్థమే మోసగాడు. పాఠం మళ్లీ మొదటి నుంచి చదివాం, ఈసారి గైడు లేకుండా. మూడు పేజీలకు నాలుగు రాత్రులు పట్టింది. మా నాన్న అప్పుడు మా ఇంట్లోనే ఉన్నారు. ఆయనకు పల్లెలో ఏడెకరాల వేరుశనగ. చిన్నది కథ తెలుగులో చెబుతుంటే మంచం మీద పడుకుని విన్నారు. చినుకులు నాణేలన్న చోట లేచి కూర్చున్నారు. చివర్లో, "వంద అడిగితే డెబ్బై వచ్చాయా? మనకు పంట బీమా కూడా అంత రాలేదు తల్లీ, వాడు అదృష్టవంతుడు" అన్నారు. చిన్నది పరీక్షలో లెంచో గురించి ఏం రాసిందో నాకు తెలియదు గానీ, తాత మాట మాత్రం మరిచిపోదు.

అనువాదం తప్పు ఒకటే అయితే ఇంత రాయను. పెద్ద చిక్కు సారాంశంతో ఉంది. అదే పుస్తకంలో వల్లి అనే ఎనిమిదేళ్ల పిల్ల కథ ఉంది, మూలం తమిళం. పైసా పైసా కూడబెట్టి, పిప్పరమెంట్లకూ బొమ్మలకూ ఆశపడకుండా ఆపుకుని, అరవై పైసలతో ఒంటరిగా టౌనుకు బస్సులో వెళ్లి వస్తుంది. వెళ్లేటప్పుడు బస్సు ముందు తోక పైకెత్తి పరిగెత్తే ఆవును చూసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వుతుంది. వచ్చేటప్పుడు అదే ఆవు రోడ్డు పక్కన చచ్చిపడి ఉంటుంది. ఆ తర్వాత ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూడదు. గైడు సారాంశంలో దీనికి దక్కింది ఒక వాక్యం: దారిలో వల్లి ఒక ఆవును చూసింది. బతికున్నదా చచ్చినదా కూడా లేదు. సారాంశం చదివిన పిల్లకు పాఠం చదివేశానన్న తృప్తి వస్తుంది, అదే ప్రమాదం. పెద్దవాడు పాత పుస్తకంలో సగం పాఠాలను ఇంగ్లిష్‌లో తెరవనే లేదని నాకు పరీక్షలయ్యాక తెలిసింది.

వ్యాకరణం భాగం పొడిగా ఉంది: పట్టికలు, సూత్రాలు, యాభై అభ్యాసాలు, చివర జవాబులు. పరీక్ష వంద మార్కులకు ఒకే పేపరు, మూడు గంటల పదిహేను నిమిషాలు; అందులో చదివి అర్థం చేసుకోవడం ఒక భాగం, సొంతంగా రాయడం ఒక భాగం, వ్యాకరణం-పదజాలం అన్నిటికంటే పెద్ద భాగం. అంత ముఖ్యమైన చోట, తెలుగు పిల్లలు ఎక్కడ తప్పుతారో ఈ గైడు రాసినవాళ్లు ఒక్కసారైనా ఆలోచించినట్టు లేదు. నాకు అర్థమైనవి రెండు చెబుతాను.

ఒకరి మాటను ఇంకొకరు చెప్పడం. తెలుగులో "రవి రేపు వస్తానన్నాడు" అంటాం. వచ్చేది రవి, కానీ వస్తాను అనే క్రియ 'నేను'కు సంబంధించింది. మన భాషలో అది సహజం. అందుకే మా ఇద్దరు పిల్లలూ ఇంగ్లిష్‌లో రవి చెప్పాడు అన్న తర్వాత 'ఐ' అనే రాశారు. అలా రాస్తే వచ్చేది రవి కాదు, చెబుతున్నవాడు. గైడులో ఐ స్థానంలో హి పెట్టాలని పట్టిక ఉంది, ఎందుకో లేదు. ఎందుకో చెప్పిన రోజు నుంచి చిన్నది పట్టిక చూడలేదు.

రెండోది ప్రశ్న తయారుచేయడం. వాక్యంలో ఒక మాట కింద గీత గీసి, అది జవాబుగా వచ్చేలా ప్రశ్న రాయమంటారు. "రాము బడికి వెళ్లాడు"లో బడికి తీసి ఎక్కడికి పెడితే తెలుగులో ప్రశ్న అయిపోయింది, మరే మాటా కదలదు. ఇంగ్లిష్‌లో మూడు పనులు: ప్రశ్నమాటను ముందుకు లాగాలి, డిడ్ చేర్చాలి, వెంట్‌ను గో చేయాలి. పిల్లలు మొదటి పని చేసి ఆగిపోతారు. నేను చిన్నదానికి చెప్పింది ఇదే: మెడ కత్తిరించావు, చంక, చెయ్యి అలాగే వదిలేశావు, జాకెట్టు ఎలా తొడుక్కుంటారు?

నిఘంటువు గురించి కూడా న్యాయంగా చెప్పాలి. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. 'పుట్ అప్ విత్' లాంటి జంటమాటలు పుట్ కింద ఎక్కడో అడుగున ఉంటాయని మాకు ఆరు నెలలకు తెలిసింది. కానీ మాట రూపం మార్చి ఖాళీ నింపే ప్రశ్నకు దానిని మించింది లేదు. డిసైడ్ వెతికితే డిసిషన్, డిసైసివ్ ఆ చుట్టుపక్కలే కనిపిస్తాయి. చిన్నది ఒక మాట కోసం వెళ్లి ఇరుగుపొరుగులను కూడా పలకరించి వచ్చేది. ఫోనుతో పేజీని ఫొటో తీసి తెలుగు చేయించే పద్ధతి కూడా కొన్నాళ్లు చూశాం. వేగంగానే వస్తుంది, అంతే వేగంగా మరచిపోతారు. పాత ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే లాభం. గైడులోని నమూనా పత్రాల్లో రెండు ఒకటే, ప్రశ్నల వరుస మాత్రం మార్చారు.

మార్కులు అడుగుతారని తెలుసు. గైడును నమిలి మింగిన పెద్దవాడికి 86. గైడును పక్కన పెట్టిన చిన్నదానికి 81. దీన్ని దాచి సమీక్ష రాస్తే అబద్ధమవుతుంది. మార్కులే కావాలంటే గైడు పనిచేస్తుంది. వాడికి పోయిన పద్నాలుగులో ఎక్కువ భాగం ముందెప్పుడూ చూడని పేరా ఇచ్చి ప్రశ్నలడిగిన చోటే పోయి ఉంటాయని నా అనుమానం, పరీక్ష రాసి వచ్చి ఆ పేరానే తిట్టాడు. నిరుడు వాడి కాలేజీ నుంచి ఫీజు గురించి ఇంగ్లిష్‌లో సందేశం వచ్చింది. వాడు ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా ఫోను చెల్లెలి చేతికిచ్చాడు. అది అప్పటికి పదిలోనే ఉంది. చదివి, పదిహేనో తేదీ దాటితే జరిమానా అని చెప్పింది. వాడు నా వైపు చూడలేదు.

ఎవరు కొనాలంటే: ఇంట్లో ఇంగ్లిష్ చెప్పేవాళ్లెవరూ లేకపోతే కొనండి, నాలాంటి తల్లికి ఆసరా కావాలి. కొన్నాక పిల్లకు వెంటనే ఇవ్వకండి. పాఠం ఒకసారి తనంతట తాను చదివి, తప్పో ఒప్పో ఏదో ఒక కథ మీకు చెప్పాక ఇవ్వండి. జవాబుల్లో తప్పులుంటాయి, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. రెండో చేతి గైడు కొంటే పాఠాలు ఇప్పటివేనా అని చూసుకోండి, పాతవి అంగళ్లలో ఇంకా కనిపిస్తున్నాయి.

పక్కింటి పిల్ల పదికి వచ్చింది. మొన్న మా గైడు అడిగితే కొత్తదే ఇచ్చాను. ఇచ్చేముందు వంకర కర్రల గుత్తిని ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన 'దొంగల ముఠా' అని చిన్నది రాసింది. మొదటి గైడు ఇక ఎవరికీ పనికిరాదు. రెండు పేజీలు అతికిస్తే జాకెట్టు చేతి కటింగుకు సరిపోతున్నాయి.