స్విఫ్ట్ సైలెన్సర్: మూడేళ్ల వాడకం, రెండు తనిఖీలు

మా 2010 నాటి పెట్రోల్ స్విఫ్ట్‌కు 2022లో స్టెయిన్‌లెస్ స్టీల్ సైలెన్సర్ వేయించాను. లోపల అరలు ఉండవు. చిల్లుల గొట్టం, దాని చుట్టూ గాజు ఉన్ని, అంతే. షాపులో వింటే ముద్దొచ్చింది. నల్గొండలో నేను గడియారం సెంటర్ మలుపు తిరిగానంటే చాలు, ఇంట్లో అమ్మ అన్నం వడ్డించేది.

మొదటి ఏడాది బాగానే నడిచింది. తర్వాత మోత ముదిరింది. వేడి పొగ గాజు ఉన్నిని కొంచెం కొంచెంగా ఊదేసుకుపోతుందట. విప్పి చూస్తే సగం ఖాళీ, మిగిలింది పాత పరుపులో దూదిలా ఉండలు కట్టి ఉంది. అమ్మినవారు ఈ సంగతి చెప్పలేదు.

2025లో పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగింపుకు బండి చూపించాల్సి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కించి, బానెట్ కూడా ఎత్తించకుండా "ఇది తగ్గించుకుని రండి" అన్నారు. ఆయనను తప్పుపట్టను. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం శబ్ద ప్రమాణాలు మీరితే మొదటిసారే పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. వెనక్కి పంపి ఊరుకోవడం దయే.

ఫోనులో కొలిస్తే 91 డెసిబెల్స్ చూపించింది. అది నమ్మి మోసపోయేవాడినే; పెద్ద మోతకు ఫోను మైకు చేతులెత్తేస్తుంది. మీటరు కొని పానగల్ ఉదయ సముద్రం కట్ట దగ్గర ఖాళీ స్థలానికి వెళ్లాను. పొగ గొట్టానికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల పక్కగా, గొట్టం ఎత్తులోనే మైకు పెట్టాలి. గరిష్ఠ శక్తి వచ్చే ఇంజన్ వేగంలో ముప్పావు వంతుకు ఇంజన్ తిప్పాలి. నా బండికి ఆ శక్తి నిమిషానికి 6,000 చుట్ల దగ్గర వస్తుంది కాబట్టి 4,500. మీటరు 98 చూపింది, నీటి ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. తమ్ముడి స్విఫ్ట్‌కు కంపెనీ సైలెన్సరే ఉంది, అది 84. కొత్త కార్లకు చెప్పే 74 పరిమితితో దీన్ని పోల్చకండి. అది 7.5 మీటర్ల దూరంలో, బండి పరుగెడుతుండగా కొలిచేది.

ముందు సులువు దారి పట్టాను: గొట్టం చివర బిగించే డీబీ కిల్లర్. 94కు దిగింది గానీ బండి ఊపిరాడనట్టు లాగింది. వారానికే నార్కట్‌పల్లి దగ్గర బోల్టు ఊడి, కిల్లర్ గొట్టం లోపల గిలక్కాయలా మోగింది. తీసేశాను.

అసలు దొంగ మధ్యలో ఉన్నాడు. వెల్డింగ్ షాపులో బండి పైకెత్తి, తడి గుడ్డతో చివరి గొట్టం మూయగానే రెండు గొట్టాలు కలిసే ఫ్లాంజి దగ్గర బుస్సుమంది. ఆ అతుకులో సందు మూసే గ్యాస్కెట్ చుట్టూ మసి కాటుక పెట్టినట్టుంది. పైగా పాత యజమాని మధ్యలో మోత తగ్గించే చిన్న డబ్బాను, అంటే రెజొనేటర్‌ను, కోయించి తిన్నని గొట్టం పెట్టించాడు. నేను నాలుగేళ్లుగా గమనించనేలేదు! కొత్త రెజొనేటర్, కొత్త గ్యాస్కెట్ వేస్తే 90కి వచ్చింది. గాజు ఉన్ని మళ్లీ గట్టిగా కూరితే 87. మొత్తం ఆరు వేలు అయింది.

రెండోసారి ఇన్‌స్పెక్టర్‌కు నా అంకెలన్నీ చెప్పబోయాను. ఆయన చెవితోనే విని, తల ఊపి, సంతకం పెట్టారు.

ఆ తర్వాత మరో పదకొండు వేల కిలోమీటర్లు తిరిగాను. ఇంకా పోనిది ఒకటే: విజయవాడ హైవే మీద ఐదో గేరులో, ఇంజన్ నిమిషానికి 2,500 చుట్ల దగ్గర చెవుల్లో గుయ్యిమనే హోరు. నాలుగు సిలిండర్లకు అక్కడ సెకనుకు 83 పేలుళ్లు. అంత లోతు స్వరాన్ని గాజు ఉన్ని పట్టలేదు. వేగం కొంచెం అటూ ఇటూ మార్చి నెట్టుకొస్తున్నాను. ఇప్పుడైతే ఈ సైలెన్సర్ కొనను, ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించేవాడిని. డీబీ కిల్లర్ ఇంట్లోనే ఉంది, కావలసినవారు తీసుకుపోవచ్చు. ఒక బోల్టు మాత్రం లేదు.