మేత తినడం రాని కాకటీల్ పిల్లను అమ్మారు, ఆరు రోజులు బతికింది

ముందే చెప్తున్నాను, ఈ పక్షుల షాపుకి నేను ఇచ్చేది ఒక్క స్టారే. బోనులు శుభ్రంగా ఉంచుతారు, పెద్ద పక్షులు ఆరోగ్యంగానే కనిపించాయి, అడిగినదానికి ఓపిగ్గా జవాబు చెప్పారు. కానీ నాకు అమ్మింది మూడున్నర వారాల కాకటీల్ (చిన్న రకం చిలుక) పిల్లని. ఈకలు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు, ఒళ్ళంతా ముళ్ళు మొలిచినట్టు ఉంది, గింజ ఒలుచుకోవడం కాదు కదా చువ్వ మీద సరిగ్గా నిలబడటం కూడా రాదు.

"ఇప్పుడే తీసుకోండక్కా, చేత్తో పోసి పెంచితేనే మచ్చికవుతుంది, పెద్దయ్యాక దగ్గరికి రాదు" అన్నాడు అమ్మే అబ్బాయి. ఒక సిరంజి, పిల్లలకి నీళ్ళలో కలిపి పోసే ఒక ఫార్ములా పొడి ప్యాకెట్ చేతిలో పెట్టి, రెండు నిమిషాలు పోసి చూపించాడు. రోజుకి మూడుసార్లు చాలన్నాడు. వేడి ఎంత ఉండాలి అంటే "వేలు ముంచి చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే" అన్నాడు.

ఆ వేలి లెక్కే నా పిల్ల ప్రాణం తీసింది. ఫార్ములా 39 నుంచి 41 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలట, థర్మామీటర్ లేకుండా అది ఎవరి వేలికీ తెలియదు. అంతకన్నా చల్లారితే పిల్ల మెడ కింద ఉండే సంచి, క్రాప్ అంటారు, అది కదలడం మానేస్తుంది, లోపల పోసింది అక్కడే పులిసిపోతుంది. మరీ వేడైతే ఆ సంచే కాలిపోతుంది, ఒక్కోసారి కొన్ని రోజుల తర్వాత చర్మానికి చిల్లు పడేదాకా బయటికి తెలియదు. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఇంకా ప్రమాదం, ఒకచోట చల్లగా, ఇంకోచోట మరిగిపోతూ ఉంటుంది. నేను కలిపిన కాస్త ఫార్ములా గిన్నెలో ఉండగానే చల్లారిపోయేది, ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

ఐదో రోజు పొద్దున చూస్తే రాత్రి పోసింది పోసినట్టే ఉంది. రాత్రంతా గడిచాక ఆ సంచి ఖాళీ అయిపోయి ఉండాలి. వేలితో తాకితే పిండి ముద్దలా మెత్తగా, చల్లగా తగిలింది. నోటి నుంచి పుల్లటి వాసన. పక్షుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళేసరికి ఒంట్లో నీళ్ళు లేవు, మర్నాడు పోయింది. ఆ వయసు పిల్లకి పగలంతా నాలుగైదు గంటలకోసారి పోయాలని అక్కడే తెలిసింది.

ఇంకో భయం కూడా డాక్టరే చెప్పారు. పక్షికి శ్వాసనాళం నాలుక వెనకే తెరుచుకుని ఉంటుంది, అందుకే సిరంజి పిల్ల నోటికి దాని ఎడమవైపు నుంచి పెట్టి దాని కుడివైపుకి పోయాలి. అది కూడా పిల్ల తల ఊపుతూ తనే మింగుతున్నప్పుడు మాత్రమే. ఊపడం ఆపినా తొందరపడి నొక్కితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, చాలా పిల్లలు అలానే పోతాయట. ఏళ్ళ తరబడి చేసేవాళ్ళకే చెయ్యి జారుతుంది, రెండు నిమిషాలు చూసి ఇంటికొచ్చినవాళ్ళ సంగతేంటి?

మచ్చిక మాట కూడా నిజం కాదు, నేను చూశాను. తర్వాత వేరే పెంపకందారు దగ్గర పది వారాల పిల్లని తీసుకున్నాను, అప్పటికే సొంతంగా తింటోంది, ఎగురుతోంది. మూడు వారాల్లో నా భుజం మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. కాకటీల్‌కి సొంతంగా తినడం రావడానికి 7 నుంచి 10 వారాలు పడుతుంది, ఆఫ్రికన్ గ్రే చిలుకకి మూడు నాలుగు నెలలు, పెద్ద మకావ్ చిలుకలకి అంతకన్నా ఎక్కువ. తినడం నేర్చుకున్న పిల్లని కూడా మన ముందు గింజలు ఒలిచి తింటుంటే కళ్ళతో చూసి, కొన్ని రోజుల బరువు చీటీ అడిగి తీసుకోండి. ఇల్లు మారిన టెన్షన్‌లో కొన్ని మళ్ళీ తిండి మానేస్తాయి కాబట్టి, ఇంటికొచ్చాక కూడా పొద్దున్నే గ్రాముల్లో తూచి రాసుకోవాలి.

షాపుకి వెళ్ళి జరిగింది చెప్తే, పోయడంలో మీ పొరపాటే అన్నారు. పొరపాటు నాదే, కాదనను, కానీ ఆ పని రాదని తెలిసే నా చేతికి ఇచ్చారు. నేను వెళ్ళిన రోజు కూడా బల్ల మీద బుట్టలో ఇంకో నాలుగు పిల్లలున్నాయి, నోళ్ళు తెరిచి అరుస్తున్నాయి. షాపు వాళ్ళు ఇది చదువుతుంటే, దయచేసి వాటిని ఇంకో ఆరు వారాలు మీ దగ్గరే ఉంచండి.