పదేళ్ళు మోసిన బ్యాగ్: పైన తోలు, లోపల రెక్సిన్

ఖరీదైన హ్యాండ్‌బ్యాగ్ కొనొచ్చా అని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఒకటే. జిప్ తీసి, లోపల చెయ్యి పెట్టి, లైనింగ్‌ని వేళ్ళతో గట్టిగా రుద్ది చూడండి. పైన తోలు సంగతి తర్వాత చూసుకోవచ్చు. నేను కొన్నప్పుడు ఆ పని చెయ్యలేదు. పదేళ్ళయ్యాక కూడా ఆ తోలు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఆ లైనింగ్ మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

2015లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద పదో ద్వైపాక్షిక ఒప్పందం కుదిరి అరియర్స్ ఒక్కసారిగా చేతికొచ్చాయి. ఇంటి లోను, పిల్లల ఫీజులు పోను కొంత మిగిలింది. అంతవరకూ నాకోసం అంత డబ్బు పెట్టి ఏమీ కొనుక్కోలేదు. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు డిసెంబరులో వస్తూ ఈ బ్యాగ్ తీసుకొచ్చింది. అప్పటి డాలరు రేటులో 70,000 రూపాయలకు కాస్త పైనే అయింది. కంపెనీ పేరు రాయడం లేదు. పేరు రాస్తే అందరూ పేరు గురించే మాట్లాడతారు, నేను చెప్పదలచింది లైనింగ్ గురించి. అందరికీ తెలిసిన పెద్ద పేరే అనుకోండి.

మొదటి నాలుగేళ్ళు పొగడ్తలే. ఆఫీసులో ఎవరడిగినా తోలు వెన్నలా ఉంటుంది, కుట్టు ఒక్కటి కూడా వంకర పోలేదు అని చెప్పేదాన్ని. అది నిజమే. కాకపోతే అప్పట్లో నేను దాన్ని వాడింది ఏడాదికి పది పన్నెండు సార్లు. పెళ్ళిళ్ళకి, రీజనల్ ఆఫీసు మీటింగులకి, ఒకసారి తిరుపతికి. మిగతా రోజులన్నీ బీరువాలో ఉండేది. కంపెనీవాళ్ళు ఇచ్చిన గుడ్డ సంచిలో పెట్టి, దుమ్ము పడకూడదని పైన ఒక ప్లాస్టిక్ కవరు కూడా చుట్టేదాన్ని. 2020 మార్చి నుంచి రెండేళ్ళ దాకా దాన్ని బయటికి తియ్యనే లేదు.

2022 ఫిబ్రవరిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి, రాజమండ్రిలో. విశాఖ నుంచి తెల్లవారుజామున బయల్దేరాం. ఆ చీకట్లో, హడావుడిలో బ్యాగ్ తీసి కావలసినవి సర్దేశాను. లోపల కొంచెం జిగటగా అనిపించింది కానీ, చేతికి రాసుకున్న క్రీమేమో అనుకున్నాను. మండపానికి చేరగానే ఆడపడుచు నల్లపూసల గొలుసు నా చేతిలో పెట్టి, "వదినా, నీ దగ్గర ఉంచు, అడిగినప్పుడు ఇద్దువుగాని" అంది. బంగారం షాపువాళ్ళు చుట్టి ఇచ్చే ఆ గులాబీ రంగు పల్చటి కాగితంలోనే ఉంది గొలుసు. బ్యాగ్ లోపలి జిప్ అరలో పెట్టి, జిప్ వేసి, బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంతకంటే భద్రమైన చోటు ఆ మండపంలో లేదనే నా నమ్మకం.

ఫంక్షన్ హాల్లో ఏసీ సరిగా పనిచెయ్యడం లేదు. జనం, హోమం పొగ, ఉక్క. మూడు గంటలు గడిచాయి. తాళి కట్టడం అయింది, తలంబ్రాలు అయ్యాయి. నల్లపూసలు తెమ్మన్నారు. జిప్ తీసి చెయ్యి పెడితే కాగితం రాలేదు. అరకి అతుక్కుపోయి ఉంది. లాగితే సగం చిరిగింది. ఇంకో సగం లైనింగ్ పొరతో సహా ఊడి వచ్చింది. గొలుసుకి ఒక పక్కంతా తేనె రంగు జిగురు పట్టింది. కాగితం రంగు వదిలి ఆ జిగురులో కలిసి, పూసల మధ్య, బంగారు కొక్కేల మధ్య ఎర్రగా ఇరుక్కుంది. నా వేళ్ళకి గోధుమ రంగు పొలుసులు. పురోహితుడు మంత్రం ఆపి నావైపు చూస్తున్నారు. పెళ్ళికొడుకు తల్లి చూస్తోంది. ఆడపడుచు దగ్గరికొచ్చి, "ఏమైంది వదినా?" అంది. నాకు నోట మాట రాలేదు.

కొంగుతో తుడిస్తే జిగురు పట్టుచీరకి పట్టింది. నీళ్ళతో పోలేదు. వంటవాళ్ళ దగ్గరికి పరుగెత్తితే ఒకావిడ కొబ్బరినూనె సీసా ఇచ్చింది. ఇద్దరం నిలబడి పూస పూసకీ నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచాం. పావుగంట పైనే పట్టింది. ముహూర్తం దాటిపోలేదు, గొలుసు కూడా బాగైంది. ఆడపడుచు ఆ తర్వాత ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ పావుగంటలో నేను పడిన టెన్షన్ తలుచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. చీర కొంగు మీద ఆ మరక ఇంకా ఉంది.

ఎందుకిలా అయిందో ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. లోపల వేసింది తోలూ కాదు, మామూలు గుడ్డా కాదు. గుడ్డ మీద పాలియురేథేన్ పూత పూసిన సరుకు. మనం ఇలాంటి వాటన్నిటినీ రెక్సిన్ అనేస్తాం. ఈ పూతల్లో కొన్ని రకాలు గాలిలో తేమకి లోలోపలే విచ్ఛిన్నమవుతాయి. ముందు జిగటగా మారి, తర్వాత పొలుసులుగా రాలిపోతాయి. అట్టపెట్టెలో దాచిన బూట్ల అడుగులు కొన్నేళ్ళకి పొడిపొడిగా ఊడిపోవడం చాలామంది చూసే ఉంటారు, అక్కడా చాలాసార్లు కారణం ఇదే. వేడి, తేమ రెండూ ఉంటే ఇంకా తొందరగా జరుగుతుంది. వాడకుండా మూసిపెట్టినంత మాత్రాన ఆగదు. మా ఊళ్ళో ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. దానికి తోడు నేను చుట్టిన ప్లాస్టిక్ కవరు లోపలి తేమని బయటికి పోనివ్వలేదు. గుడ్డ సంచి ఇచ్చింది గాలి ఆడటానికే. దాని మీద ప్లాస్టిక్ చుట్టడం నా పొరపాటే, ఒప్పుకుంటాను.

కానీ నా పొరపాటు అంతవరకే. ఈ కంపెనీలు బ్యాగులు అమ్మేది చలిదేశాల్లోనే కాదు కదా. ముంబైలో అమ్ముతున్నారు, సింగపూర్‌లో అమ్ముతున్నారు. సముద్రపు గాలికి జిగురయ్యే సరుకు లోపల వేసి, 70,000 తీసుకోవడం నాకు ఎలా చూసినా న్యాయంగా కనిపించదు. ఎర్మెస్ కంపెనీ 1984లో మొదలుపెట్టిన బర్కిన్ అనే బ్యాగ్ లోపల మేకతోలు లైనింగ్ ఉంటుంది. షనెల్ కంపెనీ 1955 ఫిబ్రవరిలో తెచ్చిన 2.55 అనే బ్యాగ్ లోపల ముదురు ఎరుపు తోలు. వాటి ధర వేరే లోకం, నిజమే. అయినా లోపలి వైపు కూడా బ్యాగే అని వాటిని చేసినవాళ్ళు అనుకున్నారు.

కంపెనీకి ఫొటోలతో మెయిల్ పెట్టాను. ఆరు వారాల తర్వాత జవాబొచ్చింది. ఇది కాలంతో వచ్చే సహజమైన అరుగుదల, ఈ మోడల్‌కి లైనింగ్ మార్చే సేవ లేదు అని. ఏడేళ్ళలో నేను ఆ బ్యాగ్ బయటికి తీసింది యాభై సార్లుంటుందేమో. అరుగుదల అంటే వాడకం వల్ల రావాలి కదా?

బాగుచేయించే ఆశ వదిలేసి ఆర్నెల్లు అలాగే పెట్టాను. తర్వాత పూర్ణా మార్కెట్ వైపు బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసే ఒక చిన్న షాపు ఉందని మా అటెండరు చెబితే తీసుకెళ్ళాను. ఆయన బ్యాగ్‌ని లోపలివైపు తిప్పి, లైనింగ్ కుట్టు విప్పి, ఆ రెక్సిన్ మొత్తం ఒక పొట్లంలా బయటికి తీశాడు. అప్పుడు తోలు వెనక వైపు చూపించాడు. "చూడండమ్మా, దీనికేం కాలేదు. దారం కూడా మంచిది. ఇది మీ అమ్మాయి కూడా వాడుకోవచ్చు" అన్నాడు. మందపాటి కాటన్ డ్రిల్ గుడ్డతో కొత్త లైనింగ్ కుట్టాడు. నేను అడగకపోయినా అరలు రెండు పెంచాడు, ఒకటి ఫోనుకి, ఒకటి తాళాలకి. లేత రంగు గుడ్డ వేశాడు, లోపల వస్తువు వెతుక్కోనక్కర్లేదని. ఐదు రోజులకి 1,400 రూపాయలు తీసుకున్నాడు.

ఆ రోజు నుంచి బ్యాగ్ రోజూ నాతో బ్యాంకుకి వస్తోంది. మూడేళ్ళు దాటింది. ఇప్పుడే దాన్ని నిజంగా వాడుతున్నాను అనిపిస్తుంది. రోజూ వాడాక తోలు గురించి నేను చెప్పిన పాత మాటల్ని కొంచెం సవరించాలి. చేతి పట్టీలు చెమటకి, తలనూనెకి నల్లబడ్డాయి. ఒక వానలో తడిసిన చుక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. అడుగున నాలుగు మూలల్లో రెండు తెల్లబడ్డాయి. ఖాళీగానే కిలో పైన బరువుంటుంది, టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా పెడితే సాయంత్రానికి భుజం లాగేస్తుంది. కుట్టు మాత్రం ఇవాళ్టికీ ఒక్కటి కూడా వదల్లేదు. జిప్ మొదటి రోజు లాగే జారుతుంది. తోలు మెత్తబడింది, చిట్లలేదు. ఈ మూడింటి మీదా నా పాత మాట మార్చను.

ధర గురించి మరో మాట. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ అనే ఖరీదైన ఫ్యాషన్ కంపెనీకి బ్యాగులు తయారుచేసే ఇటలీ అనుబంధ సంస్థను కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. 2025 ఫిబ్రవరిలో గడువుకి ముందే దాన్ని ఎత్తేశారు. ఆ కేసు కాగితాల్లో, షాపులో 2,600 యూరోలకి అమ్మే ఒక బ్యాగ్ కుట్టినందుకు పనివాళ్ళని పెట్టిన సరఫరాదారుకి ముట్టింది 53 యూరోలని ఉంది. తోలు వగైరా ముడిసరుకు ఖర్చు ఆ లెక్కలో లేదు. నా బ్యాగ్ ఆ కంపెనీది కాదు. అయినా ఆ వార్త చదివాక నా బ్యాగ్ లైనింగ్‌కి ఎంత ఖర్చుపెట్టి ఉంటారో అని చాలాసేపు ఆలోచించాను.

తిరిగి అమ్మితే డబ్బు వస్తుందనే మాట నమ్మి కొనకండి. బర్కిన్ బ్యాగ్‌కి ఎవరి పేరు పెట్టారో ఆ నటి జేన్ బర్కిన్ సొంత బ్యాగ్ 2025 జూలైలో పారిస్ వేలంలో దాదాపు 86 లక్షల యూరోలు పలికింది, అది ప్రపంచంలో ఒక్కటే ఉంది కాబట్టి. నేను కుతూహలం కొద్దీ పాత బ్యాగులు కొనేవాళ్ళని అడిగితే 9,000 ఇస్తామన్నారు. లైనింగ్ మార్చాక ఒరిజినల్ కింద లెక్కకి రాదట. జిగురుగా ఉంచేసి ఉంటే ఎంతిచ్చేవాళ్ళని అడిగాను. అసలు తీసుకునేవాళ్ళమే కాదన్నారు.

మరి కొనొచ్చా? నాలా సముద్రం పక్కన ఉండి, బస్సులో వెళ్ళి, రోజుకో టిఫిన్ బాక్సు మోసే మనిషికి ఆ ధర ఎక్కువే. మా బ్రాంచిలో ఒకమ్మాయి దగ్గర హైడిజైన్ బ్యాగ్ ఉంది, 1978లో పుదుచ్చేరిలో పుట్టిన కంపెనీ. నా దాని ధరలో పదో వంతు ఉంటుంది. లోపల మామూలు గుడ్డ లైనింగ్. ఆరేళ్ళుగా ఆ అమ్మాయి రోజూ మోస్తోంది, ఏమీ కాలేదు. నా బ్యాగ్‌కున్నంత మెత్తదనం దానికి లేదు, అది కూడా నిజం. హైదరాబాద్‌లో ఉండి, కార్లో తిరిగి, బీరువాలో మగ్గనివ్వకుండా వాడేవాళ్ళకి లెక్క వేరేగా ఉండొచ్చు. అరియర్స్ లాంటి డబ్బు వచ్చి, జీవితంలో ఒక్కసారి కొనుక్కోవాలనుకునే ఆడవాళ్ళని నేను వద్దనలేను. నేను కొన్న రోజు పొందిన సంతోషం అబద్ధం కాదు.

మొన్న చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, ఈసారి వస్తూ ఇంకోటి తేనా? కొత్త మోడల్ చాలా బాగుంది" అంది. వద్దనలేదు. షాపులో బ్యాగ్‌ని పూర్తిగా తెరిచి, లోపలి అరలు కనిపించేలా ఫొటో తీసి పంపమన్నాను. లైనింగ్ దేంతో చేశారో కౌంటర్‌లో అడిగి రాయమన్నాను. పైవైపు ఫొటోలు నాలుగు వచ్చాయి. లోపలిది ఇంకా రాలేదు.